అన్నంలో మాత్ర, ముఖంలో ఎరుపు

బిల్డింగులో ఒక్క సాఫ్ట్‌వేర్ వాడుంటే చాలు, ప్రింటర్ దగ్గర్నుంచి పాస్‌పోర్ట్ అపాయింట్‌మెంట్ దాకా అన్నీ వాడి నెత్తినే. అంబర్‌పేట్లో మా కింద పోర్షన్ ఆంటీ మొన్న ఆదివారం పొద్దున్నే వచ్చి ఓ చీటీ చేతిలో పెట్టింది. "బిడ్డా, ఈ గోలీలు ఆన్‌లైన్ల దొరుకుతయంట గద, జర తెప్పియ్యరాదూ. పప్పుల కలిపి పెడితే తాగుడు బందైతదంట. మీ అంకుల్‌కి మాత్రం చెప్పకు."

చీటీ మీద డైసల్ఫిరామ్ అని రాసుంది.

నేను తెప్పించలేదు. ఎందుకో చెప్పాలంటే ముందు వేరే దేశం వాళ్ళ సంగతి కొంచెం చెప్పాలి.

మీలో జపాన్, కొరియా క్లయింట్లతో డిన్నర్లకి వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు. సగం గ్లాసు బీరు అవకుండానే కొందరి ముఖం, మెడ టమాటా పండులా అయిపోతాయి. "పాపం, కెపాసిటీ లేదు" అని మనవాళ్ళు నవ్వుకుంటారు. కెపాసిటీ గొడవ కాదది. ఒంట్లోకి వెళ్ళిన ఆల్కహాల్ని లివర్ ముందు ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. అది విషం. దాన్ని వెంటనే ఎసిటేట్‌గా మార్చేసే ఎంజైమ్ పేరు ఏఎల్‌డీహెచ్2. జపాన్, చైనా, కొరియా వాళ్ళలో సుమారు 36 శాతం మందికి ఒక జన్యు మార్పు వల్ల అది సరిగ్గా పనిచేయదు. విషం పేరుకుపోతుంది, రక్తనాళాలు వెడల్పవుతాయి, ముఖం ఎర్రబడుతుంది, గుండె దడ, తలనొప్పి, వాంతి. అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ కూడా ఈ మార్పు వచ్చినవాళ్ళు తాగుబోతులవడం దాదాపు ఉండదు, ఒళ్ళే ఒప్పుకోదు. ఒకవైపు నుంచే వచ్చి, ఎరుపుని లెక్కచేయకుండా తాగుతూ పోయేవాళ్ళకి అన్నవాహిక క్యాన్సర్ ముప్పు బాగా ఎక్కువ. (ఎరుపు కనపడకుండా ఎసిడిటీ మాత్ర వేసుకుని పార్టీకి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. ఎర్రర్ లాగ్ డిలీట్ చేసి బగ్ ఫిక్స్ అయిందనుకోవడం అన్నమాట.)

మనలో ఈ జన్యు మార్పు చాలా అరుదు. డైసల్ఫిరామ్ చేసేది ఏంటంటే, లేని ఆ లోపాన్ని తెచ్చిపెట్టడం. అదే ఎంజైమ్‌ని ఆపేస్తుంది. దీని పుట్టుక కూడా తమాషా. రబ్బరు ఫ్యాక్టరీల్లో వాడే రసాయనం ఇది. ఇలాంటి రసాయనాలతో పనిచేసే కార్మికులకి మద్యం పడటం లేదని 1937లోనే ఓ అమెరికన్ డాక్టరు గమనించాడు. తర్వాత కోపెన్‌హాగెన్లో హాల్డ్, యాకబ్సెన్ అనే ఇద్దరు కడుపులో పురుగుల మందుగా పనికొస్తుందేమోనని తామే మింగి చూశారు. పార్టీల్లో గ్లాసు ఎత్తగానే తేడా తెలిసిపోయింది. 1948లో ఆ సంగతి ప్రచురించారు. అప్పట్నుంచి మందు మాన్పించే మందు అయింది.

మాత్ర మంచిదే. గొడవంతా "అంకుల్‌కి చెప్పకు" అన్న దగ్గరే.

అమెరికాలో ఈ మాత్రతో పాటు ఇచ్చే కాగితంలో అన్నిటికన్నా పైన, గడి కట్టి మరీ ఉండే హెచ్చరిక ఇదే: తాగి ఉన్నవాడికి ఇవ్వకూడదు, పూర్తిగా తెలియజెప్పకుండా ఇవ్వకూడదు. చివరి గ్లాసు తర్వాత కనీసం 12 గంటలు గడవాలి. మాత్ర ఆపాక కూడా 14 రోజుల దాకా ప్రభావం ఉండొచ్చు. ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్ కూడా పడదు. ఇవేవీ తెలియని మనిషి సాయంత్రం ఎప్పట్లాగే క్వార్టర్ ఎత్తితే? ముఖం ఎర్రబడటంతో ఆగకపోవచ్చు. బీపీ పడిపోవచ్చు, గుండె లయ తప్పొచ్చు, ప్రాణమే పోవచ్చు. అంకుల్‌కి యాభై ఎనిమిదేళ్ళు, బీపీ మాత్రలు వేసుకుంటారు. ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరుకి ఏం చెప్తారు, ఏం పడలేదని?

ఇంకో సంగతి నన్ను బాగా ఆలోచింపజేసింది. 2014లో పాత ట్రయల్స్ 22 కలిపి చూస్తే, తాము తింటున్నది డైసల్ఫిరామ్ అని తెలిసినవాళ్ళలో అది పనిచేసింది. ఎవరికి ఏ మాత్ర ఇస్తున్నారో తెలియని ట్రయల్స్‌లో తేడా కనపడలేదు. అంటే తాగుడుని ఆపేది "ఇప్పుడు తాగితే చస్తాను" అన్న భయం. చెప్పకుండా పప్పులో కలిపితే ఆ భయం ఎక్కడ్నుంచి వస్తుంది? బ్రాండు మారుస్తాడు, లేకపోతే పప్పు తినడం మానేస్తాడు. ఒకవేళ భయపడి ఒక్కసారిగా మానేసినా, ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడికి ఫిట్స్ రావొచ్చు, దానికి కూడా డాక్టరు పక్కన ఉండాలి.

ఆంటీని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. పదిహేనేళ్ళుగా భరిస్తోంది. సిక్స్ నంబర్ నుంచి ఇంటికొచ్చే దారిలో "తెలియకుండా తాగుడు మాన్పించబడును" అన్న కాగితాలు ఎలక్ట్రిక్ స్తంభాల మీద ఆమెకి రోజూ కనపడతాయి, సలహా చెప్పేవాళ్ళు వాళ్ళొక్కరే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్ళు సారా దుకాణాన్ని మూయించింది బహిరంగంగానే. 1993లో సారా ఆగింది, 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో ఎత్తేశారు. ఆ పని మళ్ళీ ఒక్కో ఆడమనిషి వంటింట్లోకి వచ్చిపడింది, ఈసారి రహస్యంగా.

ఇదే మాత్రని డాక్టరు ముందు అతనికి చెప్పి, గుండె, లివర్ చూసి, రోజూ ఆమె ఎదురుగా మింగిస్తే సంగతి వేరు. ఆంటీకి అదే చెప్పాను. "ఆయన ఒప్పుకుంటే నీ దగ్గరికి ఎందుకొస్త బిడ్డా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. 14446 అని వ్యసనాల హెల్ప్‌లైన్ ఉంది, ఇద్దరం స్పీకర్ ఆన్ చేసి మాట్లాడాం. శనివారం ఎర్రగడ్డ ఆస్పత్రి ఓపీకి ముందు ఆమెనే తీసుకెళ్తున్నా. అంకుల్ వస్తానని ఇంకా అనలేదు. చీటీ నా పర్సులోనే ఉంది, ఆమె తిరిగి అడగలేదు.