బీదర్ బస్టాండులో ఒక్క అక్షరం

"పరదేశం పోతున్నవా బిడ్డా?" అన్నాడు మా నాన్న. బీదర్ చూసుకొని అక్కణ్ణుంచి బసవకల్యాణ్ పోయొస్తామని నేను ఫోన్లో చెప్పినప్పటి మాట ఇది. "ఆడ మాట రాదు, రాత రాదు. ఆడపిల్లలిద్దరే ఎట్ల పోతరు?" అని కూడా అన్నాడు.

ఈ మాట మా రూమ్మేటు వాళ్ళ నాయనమ్మకు చెబితే ఆమె పకపకా నవ్వింది. వాళ్ళది నారాయణఖేడ్. "బీదర్ పరదేశమెప్పుడైంది? నేను పుట్టినప్పుడు మాది బీదర్ జిల్లానే గదా!" అంది. ఆమె చెప్పింది నిజం. 1956 నవంబరు 1న రాష్ట్రాలను భాషల వారీగా విడదీసేదాకా జహీరాబాదు, నారాయణఖేడు బీదర్ జిల్లాలోనే ఉండేవి. ఆ రోజుతో బీదర్ మైసూరు రాష్ట్రంలోకి పోయింది, ఈ రెండూ మెదక్ జిల్లాలోకి వచ్చాయి. అంతకుముందు హైదరాబాదు, బీదర్ ఒకే రాష్ట్రం. 1932లో నిజాం రైల్వేవాళ్ళు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టిననాడు ఈ దారిలో సరిహద్దే లేదు.

మేం ఎందుకు పోవాలనుకున్నామో మీకు తెలుసు. బసవ పురాణం మన సిలబస్సులో ఉంది. పాలకురికి సోమనాథుడిది మా జనగామ వైపు పాలకుర్తి. ఆయన ద్విపదలో రాసిన బసవన్న కథ జరిగింది బిజ్జలుడి కల్యాణ నగరంలో. ఆ కల్యాణమే ఇవాళ్టి బీదర్ జిల్లా బసవకల్యాణ్. సెమినార్ పేపరు రాసే ముందు ఆ ఊరు ఒకసారి చూడాలనిపించింది, అంతే.

పొద్దున్నే ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకున్నాం. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి మన ఊళ్ళు మనకు దగ్గరయ్యాయి. ఆ టికెట్ జహీరాబాదు దాకా పనికొచ్చింది. అక్కడ బస్సు మారి, డబ్బులిచ్చి టికెట్ కొన్నాం. కర్ణాటకలో 2023 జూన్ 11 నుంచే శక్తి పథకం ఉంది గానీ, అది వాళ్ళ రాష్ట్రం ఆడవాళ్ళకే. సరిహద్దులో జీరో టికెట్ ఆగిపోతుందని ముందే తెలుసు. మన చదువు కూడా అక్కడే ఆగిపోతుందని మాత్రం బీదర్ బస్టాండులో దిగాకే తెలిసింది.

బీదర్లో 1472 నాటి మహమూద్ గవాన్ మదర్సా చూశాం, కోట చూశాం. మధ్యాహ్నానికి బస్టాండుకు వచ్చాం. బస్సుల మీద బోర్డులన్నీ కన్నడంలో ఉన్నాయి. ఇద్దర్ని అడిగితే చెరొక వైపు చూపించారు. అడగడానికి ఇంకెవరున్నారా అని చూస్తూ నిలబడ్డాం. చివరికి పూలమ్మే పెద్దామె, "కల్యాణ్ జానా? అబ్బీచ్ గయీ నా బేటీ!" అంది. మా కళ్ళముందే రెండు బస్సులు పోయాయి. గంటన్నర అక్కడే కూర్చున్నాం.

మూడో బస్సు వచ్చాక ఆ పెద్దామె వేలుపెట్టి చూపించింది. అప్పుడు బోర్డును నిదానంగా చూశాను. బ, స, వ... ఇవి మన అక్షరాలే కదా! మన తలకట్టు టిక్కు పెట్టినట్టు ఉంటుంది, వాళ్ళది అడ్డగీతలా ఉండి కొసన వంపు తిరుగుతుంది. తర్వాతి అక్షరం దగ్గర ఆగిపోయాను. దాన్ని దాటితే ల్యా, ణ. మధ్యలో మిగిలింది 'క'. ఆరక్షరాల్లో నాకు రానిది ఒక్కటి. ఆ ఒక్కదాని కోసం బోర్డు మొత్తాన్నీ "రాని భాష" అనుకొని చూడనే లేదు.

ఆ గంటన్నర మాకు బాగా ఖరీదైంది. బసవకల్యాణ్‌లో గంట కూడా ఉండలేకపోయాం. తిరిగి హాస్టలుకు చేరేసరికి బాగా రాత్రయింది. నాన్న ఆరుసార్లు ఫోన్ చేశాడు. ఏడోసారి, "ఇంకోసారి అటు దిక్కు పోవద్దు" అన్నాడు. నాకు బాధ కలిగించింది ఇదే. మనలో చాలామందికి ఒక్క ప్రయాణానికి పర్మిషన్ దొరకడమే కష్టం. అందులో చిన్న పొరపాటు జరిగితే తర్వాతి పది ప్రయాణాలూ పోతాయి. మగపిల్లలకు బస్సు తప్పితే బస్సే తప్పుతుంది.

"బీదర్లో ఉర్దూ నడుస్తది, హైదరాబాదీ హిందీతో పని అయిపోతది కదా" అని మీరనొచ్చు. అయింది, నేను కాదనను. "ఫోన్లో కెమెరా పెడితే బోర్డు అనువాదం అయిపోతుంది" అని కూడా అనొచ్చు. ఫోన్‌లో చార్జింగూ సిగ్నలూ ఉన్నంతసేపు అదీ నిజమే. కానీ చీకటిపడ్డాక తెలియని బస్టాండులో ఎవర్ని అడగాలి, ఎవర్ని అడగొద్దు అని మనం ఎంత లెక్కవేసుకుంటామో మనకే తెలుసు. బోర్డు చదవడం వస్తే ఎవరి మొహమూ చూడక్కర్లేదు. మనం దారి తెలియక నిలబడ్డామని పక్కవాడికి తెలియనక్కర్లేదు. లిపి వస్తే భయాలన్నీ పోతాయని నేననడం లేదు. ఆలస్యంగా వచ్చే బస్సుకూ, లైట్లు లేని దారికీ అక్షరాలు మందు కావు. అయినా మన చేతిలో ఉన్న పని ముందు మనం చెయ్యాలి కదా.

తెలుగు చదివే మనకు ఇది అందరికంటే తేలిక. భాషా చరిత్ర క్లాసులో తెలుగు-కన్నడ లిపి అని రాసి మార్కులు తెచ్చుకున్నాం. కరీంనగర్ దగ్గరి కుర్క్యాల శాసనం గురించి చదివాం. పదో శతాబ్దంలో పంపకవి తమ్ముడు జినవల్లభుడు సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటినీ ఒకే బండ మీద చెక్కించాడని జవాబు రాశాం. సోమనాథుడి బసవ పురాణాన్ని 1369లో భీమకవి కన్నడంలోకి తీసుకుపోయాడని కూడా రాశాం. మన పుస్తకం ఆరున్నర శతాబ్దాల కిందటే సరిహద్దు దాటింది. ఆ పుస్తకం చదివిన మనం బస్సు బోర్డు దగ్గర ఆగిపోతే ఎట్లా?

తిరుగు బస్సులో నా పక్కన ఒక ఇంటర్ అమ్మాయి కూర్చుంది. నా నోట్‌బుక్ అట్ట మీద పేరు చూసి, కూడబలుక్కుంటూ "బసవ పురాణ" అని చదివింది. చివరి సున్నాను వదిలేసింది. తెలుగు నేర్చుకున్నావా అని హిందీలో అడిగితే, లేదు, కన్నడలాగే ఉంది కదా అని చదివానంది. ఆమె ధైర్యంగా చదివిన పనిని నేను పొద్దున బస్టాండులో చెయ్యలేదు. హుమ్నాబాద్ వచ్చేలోపు ఆమే నాకు 'క', 'త', 'శ' రాసి చూపించింది. దీర్ఘాల సంగతీ చెప్పింది. మనం 'బీ'లో గుడినే మెలితిప్పి దీర్ఘం చేస్తాం. వాళ్ళు 'బి' రాసి పక్కన విడిగా ఒక గుర్తు పెడతారు. అరగంటలో దారిలోని ఊళ్ళ పేర్లు చదవగలిగాను.

అందుకే మన శాఖలోని మేడమ్‌లను, సార్లను ఒకటి అడుగుతున్నాను. ఒక వారం రోజులు క్లాసులయ్యాక అరగంట చొప్పున కన్నడ అక్షరాలు నేర్పించండి. మన హాస్టల్లోనే బీదర్ వైపు నుంచి వచ్చిన అమ్మాయిలున్నారు, వాళ్ళే నేర్పుతారు. బదులుగా మనం వాళ్ళకు తెలుగు రాత నేర్పుదాం. ఆ తర్వాత బసవ పురాణం పాఠం పూర్తయ్యాక అందరం కలిసి బసవకల్యాణ్ పోదాం. టూరిస్టు బస్సు వద్దు, సర్వీసు బస్సులోనే పోదాం. ఎక్కాల్సిన బస్సును మనమే చదివి ఎక్కుదాం.

నాన్నకు ఈ వ్యాసం ఫోటో తీసి పంపిస్తాను. 'రాత రాదు' అన్న మాటకు జవాబు నా దగ్గర ఉంది. మిగతా భయాలకు జవాబులు మనందరం కలిసి వెతకాలి.

— ఎం.ఏ. తెలుగు, మొదటి సంవత్సరం విద్యార్థిని