శోధనపెట్టె చెప్పే ‘లేదు’ ప్రమాణమా? తెలుగు పాఠ్యశోధనలో వ్యాకరణం స్థానం

పాత గ్రంథాలను అంతర్జాలంలో ఉంచి, పుట పైభాగాన ఒక శోధనపెట్టెను అమర్చి, ఇక ఆ గ్రంథాలు పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయని ప్రకటించడం పరిపాటి అయింది. ఈ ప్రకటన అర్ధసత్యం మాత్రమే. తెలుగు సంధిని, విభక్తిని, లేఖన భేదాన్ని ఎరగని శోధనపెట్టె గ్రంథాన్ని తెరవదు, తెరిచినట్లు భ్రమింపజేస్తుంది. అది చూపే ‘ఫలితాలు లేవు’ అన్న మాటను ఆధారం చేసుకొని ఒక పదం ఫలానా కవిలో లేదని, ఫలానా శతాబ్దికి ముందు వాడుకలో లేదని నిర్ణయించడం పరిశోధన అనిపించుకోదు.

కృష్ణకు దక్షిణ తీరాన, విజయవాడకు ఎదురుగా ఉన్న గుంటూరు జిల్లా తాడేపల్లినే ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆ ఊరి చరిత్ర కూర్చదలచినవారు ఊరి పేరుతో వెతికితే, అక్షరాల వరుసను మాత్రమే పోల్చే యంత్రం పశ్చిమగోదావరి జిల్లా తాడేపల్లిగూడాన్నీ, చందోలు పండితుడు తాడేపల్లి రాఘవనారాయణశాస్త్రి ఇంటిపేరునూ ఒకే రాశిగా పోస్తుంది. ‘ఆ ఊరు తాడేపల్లే’ అన్న వాక్యాన్ని మాత్రం వదిలేస్తుంది. ఇకారం పోయి ఏకారం నిలవగానే యంత్రం దృష్టిలో అది వేరే పదం. ‘గుంటూరు’ అని వెతికేవారికి ‘గుంటూరి’ అన్న ఔపవిభక్తిక రూపం దొరకకపోవడమూ ఇటువంటిదే.

ఆ ప్రాంతపు ప్రధాన పంట విషయంలో ఈ లోపం మరింత స్పష్టం. ‘పత్తి’ అని వెతికితే ‘సంపత్తి’, ‘ఉత్పత్తి’ కూడా ఫలితాల్లో చేరతాయి. పాత రచనల్లో కనిపించే ‘ప్రత్తి’ చేరదు. అదే జిల్లాలోని ప్రత్తిపాడును పత్తిపాడు అని కూడా రాస్తారు. అంటే యంత్రం అక్కరలేనిదాన్ని పోగుచేసి, కావలసినదాన్ని దాచిపెడుతోంది. అటువంటి ఫలితాల సంఖ్యను పట్టికలో చూపి పదప్రయోగ గణన అనడం ఎంతవరకు సమంజసం?

పద్యానికి వస్తే నష్టం ఇంకా పెద్దది. ద్రుతం మీది పరుషం సరళమవుతుంది కనుక ‘పూచెఁ గలువలు’ అన్నచోట ‘కలువ’ దొరకదు. గసడదవాదేశం వల్ల ‘తల్లిదండ్రులు’ అన్న సమాసంలో ‘తండ్రి’ దొరకదు. ఇవి అరుదైన మినహాయింపులు కావు. కావ్యభాషలో అడుగడుగునా కనిపించే రూపాలు. వీటికి సంకేతలిపి చిక్కులు తోడవుతాయి. అరసున్న ఉన్న రూపం, లేని రూపం యంత్రానికి రెండు పదాలు. ర, ఱ భేదమూ అంతే. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల కలయికగానూ భద్రపరచవచ్చు. కంటికి ఒకటిగా కనిపించే ఈ రెండింటినీ ముందుగా సమీకరించకపోతే శోధన విఫలమవుతుంది.

పండితులకు ఈ రూపభేదాలు తెలుసు కనుక ఒక్కొక్కటే టైపు చేసి చూసుకోవచ్చని కొందరు వాదించవచ్చు. అలాగైతే యంత్రం చేయవలసిన పని మనిషి చేస్తున్నట్లే. పైగా, ముద్రిత పుటను యంత్రం చదివినప్పుడు ధ, థ వంటి పోలిక గల అక్షరాలు తారుమారైతే, ఆ తప్పురూపాన్ని ఏ పండితుడు ముందుగా ఊహించగలడు? రూపభేదాలన్నీ చేర్చితే అనవసర ఫలితాలు వెల్లువెత్తుతాయన్నది మరొక ఆక్షేపణ. దానికి సమాధానం ఫలితాలను వర్గీకరించి చూపడమే గాని, దాచడం కాదు. యథాతథ రూపాలు మొదట, విభక్తి రూపాలు తరువాత, సంధిగత రూపాలు ఆపైన, సందిగ్ధమైనవి చివర ఉంటే ఎంపిక చదువరి చేతిలో ఉంటుంది.

ఈ కోరిక కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రచురించిన నన్నయ, తిక్కన పదప్రయోగ కోశాల వెనుక ఉన్న దృష్టి ఇదే: పదాన్ని గుర్తించాలి, ప్రయోగాన్ని చూపాలి, స్థలాన్ని నిర్దేశించాలి. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో సూత్రీకరించిన సంధికార్యాలలో అనేకం యంత్రానికి నియమాలుగా అందించదగినవే. కొరత సాంకేతికతలో కంటే, ఆ పనిని తెలుగు శాఖలు తమదిగా భావించకపోవడంలోనే ఎక్కువగా ఉంది.

ఫలితాల పట్టికకూ కనీస మర్యాద ఉండాలి. ప్రతి ఫలితం పక్కన పూర్తి వాక్యమో పద్యపాదమో, గ్రంథం, ముద్రణ సంవత్సరం, పుటసంఖ్య, మూలపుట ప్రతిబింబం కనిపించాలి. తెలుగు వికీసోర్సులో దిద్దుబాటు సమయాన పాఠాన్నీ పుట ప్రతిబింబాన్నీ పక్కపక్కన చూపే పద్ధతి ఇందుకు మార్గదర్శకం. అన్నిటికంటే ముఖ్యం, ఫలితం శూన్యమైనప్పుడు ‘లేదు’ అనకుండా ఎన్ని పుటలు, ఏ రూపాలతో వెతికిందో, అందులో మనుషులు సరిచూసిన పాఠం ఎంతో చెప్పాలి. అంతవరకు సిద్ధాంతవ్యాసంలో శోధనపెట్టె సాక్ష్యాన్ని పరీక్షకులు అంగీకరించకూడదు. దొరకలేదన్నది యంత్రం మాట; లేదన్నది పరిశోధకుడి తీర్పు. మొదటిదాన్ని రెండవదిగా చలామణి చేయడానికి వీల్లేదు.