పప్పుబెల్లాలు పోయి వెండి కుందులు వచ్చె

పోయిన ఏడాది దసరా సెలవులకి ఇంకో వారం ఉందనగా మా చిన్నమ్మాయి క్లాసు తల్లుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజి వచ్చింది. క్లాసు టీచరుకి వెండి కుందులు ఇద్దాం, తలకి 500 రూపాయలు, రేపు సాయంత్రంలోగా పంపండి అని. క్లాసులో పిల్లలు 38 మంది. అంటే 19,000 రూపాయలన్నమాట. పది నిమిషాల్లో ఇరవై మంది బొటనవేళ్ళు పైకెత్తేశారు. నిజం చెప్పొద్దూ, నేనూ ఎత్తాను. కుక్కరు కూత పెడుతోంది, ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో ఫోను. ఆలోచించే తీరిక ఎక్కడిది? గురుదక్షిణ కింద ఏకలవ్యుడు బొటనవేలు ఇచ్చుకున్నాడు, మనమూ ఆ వేలే ఇస్తున్నాం అని తర్వాతెప్పుడో తట్టి నవ్వొచ్చింది.

మర్నాడు సాయంత్రానికి పేర్ల జాబితా వచ్చింది. డబ్బు పంపినవాళ్ళ పేరు పక్కన పచ్చ టిక్కు, పంపనివాళ్ళ పేరు పక్కన ఖాళీ. ఏ తల్లి పేరూ లేదు, అన్నీ పిల్లల పేర్లే.

ఆ రాత్రి వెనక వీధి అమ్మాయి ఫోన్ చేసింది. ఇంట్లోనే మిషను కుట్టుకుంటుంది. ఇద్దరు పిల్లలు, అదే బడి, చిన్నది మా అమ్మాయి క్లాసే. "అక్కా, రెండు గ్రూపుల్లోనూ అడుగుతున్నారు. వెయ్యి రూపాయలవుతుంది. పండక్కి పిల్లలకి బట్టలే ఇంకా తియ్యలేదు. ఇవ్వకపోతే ఏమన్నా అనుకుంటారా?" అంది. ఎవరూ ఏమీ అనుకోరులే అన్నాను. అంత తేలిగ్గా అనేశాను.

తీరా ఏమైంది? ఆ అమ్మాయి పెద్దవాడికి కట్టింది, చిన్నదానికి కట్టలేకపోయింది. కుందులు ఇచ్చే రోజున చిన్నది కడుపునొప్పి అని మంచం దిగలేదట. ఏడేళ్ళ పిల్లకి పచ్చ టిక్కు సంగతి తెలియదనుకుంటాం. అమ్మ ఫోనులో అన్నీ చూస్తూనే ఉంటారు వాళ్ళు.

గ్రూపులో నేనేమీ అనలేదా అంటే, అన్నాను, కాస్త ఆలస్యంగా. జాబితా తీసేద్దామండీ, ఎవరికి తోచింది వాళ్ళిస్తారు అని రాశాను. "మేడమ్ గారు కథలు రాస్తారు కదా, ఇది ప్రాక్టికల్ మేటరండీ" అని జవాబు. ముగ్గురు తల్లులు మాత్రం విడిగా మెసేజి పెట్టారు, మంచి మాటన్నారు అని. గ్రూపులో ఒక్కరూ నోరు విప్పలేదు. వాళ్ళని అనను. నేను బొటనవేలు ఎత్తినప్పుడు నా సంగతీ అంతేగా.

అసలు విచిత్రం ఇంకోటుంది. సెలవుల్లో రైతుబజారులో ఆ టీచరు కనిపించారు. దోసకాయలు ఏరుకుంటూ ఆ మాటా ఈ మాటా అయ్యాక గొంతు తగ్గించి, "ఆ కుందులు చూస్తే నాకు భయం వేసిందండీ" అన్నారు. ఆవిడ జీతం నెలకి 14,000. చివరికి డబ్బు కట్టినవాళ్ళు 31 మంది, అంటే కుందుల ఖరీదు 15,500. తన నెల జీతం కన్నా ఎక్కువ ఖరీదున్న వస్తువు చేతికిచ్చి, అందరూ చుట్టూ నిలబడి ఫొటో తీసుకుంటే ఆవిడకి సంతోషం ఎలా వేస్తుంది? "రేపు ఎవరి పిల్లనన్నా గట్టిగా ఒక మాట అనాలన్నా, పేపరు దిద్దాలన్నా వెనకాల ఆ వెండి మెరుస్తుంటుంది. వద్దంటే అందరికీ కోపం. మా హెడ్ మేడమ్ ఏమంటారోనని ఇంకో భయం" అని నవ్వేశారు. ఆ నవ్వు నాకు చాలా రోజులు గుర్తుండిపోయింది.

మనకిది కొత్త ఆచారం కాదు లెండి. మన తాతల నాడు వీధిబడి పంతులుగారికి నెల జీతమంటూ ఏముండేది కాదు. దసరా నవరాత్రుల్లో ఆయన పిల్లల్ని వెంటేసుకుని, రంగు కాగితాలూ పూలూ చుట్టిన విల్లంబులు వాళ్ళ చేతికిచ్చి, పాటలు పాడిస్తూ ఇంటింటికీ తిరిగేవారు. గుమ్మంలో పూలు జల్లేవాళ్ళు. ఇంటివాళ్ళు అయ్యవారికి ఇంత డబ్బో బట్టో, పిల్లల చేతుల్లో పప్పుబెల్లాలూ పెట్టి పంపేవారు. దాన్నే దసరా మామూలన్నారు. ఉన్నవాళ్ళు వరహా ఇచ్చినా, లేనివాళ్ళు సోలెడు బియ్యం ఇచ్చినా అది గుమ్మం దగ్గర, అందరి ఎదుట, పిల్లలందరూ కలిసి అడగ్గా ఇచ్చిందే. ఏ పిల్లవాడి వాటా ఎంతని ఎవరూ రాసుకోలేదు. అయితే అదేమంత గొప్ప కాలమనీ నేను అనను. ఊళ్ళో సగం పిల్లలకి ఆ వీధిబడి అరుగు ఎక్కే వీలే లేదు, అందులో ఆడపిల్లలు మరీనూ.

'మామూలు' అన్న మాట చూడండి, ఎంత దూరం ప్రయాణం చేసిందో! ఆనవాయితీగా ఇచ్చేది అన్న అర్థంలో మొదలై, ఇవాళ ఆఫీసుల్లో బల్ల కింద ఇచ్చేదానికి పేరైంది. బడి కానుకా ఆ దారినే పోతోందేమోనని నా బెంగ. పరీక్ష పేపర్లు దిద్దే వారంలో ఒంటరిగా వెళ్ళి ఇచ్చే ప్యాకెట్టుని ఏమనాలి మరి? ప్రభుత్వ బడి టీచర్లకైతే కానుకల విషయంలో సర్వీసు నియమాలున్నాయి, పెద్ద పెద్దవి తీసుకోకూడదు. ప్రైవేటు బడిలో హద్దు ఎవరు గీయాలి? తీసుకునేవాళ్ళకి వద్దనే ధైర్యం తక్కువ. కాబట్టి ఇచ్చే మనమే గీయాలి.

మా పిన్ని తణుకు దగ్గర పల్లెల్లో ముప్పై ఏళ్ళు ఎలిమెంటరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయింది. ఏం ఇస్తే బాగుంటుంది పిన్నీ అని అడిగితే బీరువా తలుపు తీసి చూపించింది. గోడ గడియారాలు ఆరు, రాధాకృష్ణుల బొమ్మలు నాలుగు, ప్లాస్టిక్ పూల కుండీలు లెక్కలేదు. "టీచర్లకి ఇల్లంతా గోడలే ఉంటాయనుకుంటారే జనం" అంది. బంగారు రంగు అక్షరాలున్న కప్పుతో బియ్యం కొలుస్తోంది. జాకెట్టు ముక్కలు ఒక సూట్‌కేసు నిండా ఉన్నాయి. వాటిలో ఒకటి నేనే మూడేళ్ళ క్రితం ఎవరికో వాయనంలో పెట్టినది, ఊరంతా తిరిగి పిన్ని దగ్గర చేరింది. అంచు దగ్గర నేను పెట్టిన పసుపు మరక కూడా అలాగే ఉంది!

మరి పనికొచ్చినవి ఏవీ అంటే గబగబా చెప్పింది. ఎర్ర ఇంకు పెన్నులు పెట్టెడు. సుద్దపొడికి, అరుపులకి గొంతు పట్టేస్తుంది కాబట్టి ఒకావిడ ఇంట్లో చేసిచ్చిన శొంఠి పొడి, తేనె సీసా. గంటలకొద్దీ నిలబడే కాళ్ళు కాబట్టి మెత్తటి చెప్పులు, అయితే కొలత తెలిస్తేనే. రోజూ కట్టుకునే నూలు చీర. క్లాసులోకి పుస్తకాలు. ఒక రైతు తండ్రి మాత్రం ప్రతి సంక్రాంతికీ కొత్త బియ్యం ఒక కుంచెడు తెచ్చి పెట్టేవాడట. "వాడి కొడుక్కి లెక్కలు ఎప్పుడూ వచ్చేవి కావు. వాడు ఒక్కసారీ మార్కుల మాట ఎత్తలేదు" అంది పిన్ని. ఆ బియ్యంతో వండిన పరమాన్నం గురించి ఇంకో పావుగంట చెప్పింది.

ఏదైనా అందమైనదే ఇవ్వాలనిపిస్తే మన దగ్గర లేనివా? ఏటికొప్పాక లక్క బొమ్మల్లో అంకుడు కర్రతో చేసిన కుంకుమ భరిణెలు, చిన్న చిన్న డబ్బాలు ఉంటాయి. కొండపల్లి బొమ్మ ఒకటి బల్ల మీద పెట్టుకుంటే కళగా ఉంటుంది. మంగళగిరి నూలు చీరయితే ఎండాకాలం బడికి హాయి. తాపేశ్వరం కాజాలో, ఆత్రేయపురం పూతరేకులో ఒక పెట్టె తెస్తే స్టాఫ్ రూములో అందరూ తలొకటి తింటారు, ఇంటికి మోసుకుపోయే బాధ ఉండదు. అయితే షుగరున్న టీచరుకి కిలో కాజా ఇచ్చి చేతులు దులుపుకోకండి, కనుక్కుని ఇవ్వండి.

ఉపాధ్యాయ దినోత్సవం రోజున స్టేజి మీద రాధాకృష్ణన్ గారి ఫొటోకి దండ వేస్తాం. ఆయన 1931 నుంచి 1936 దాకా మన ఆంధ్రా యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్. 1962 నుంచి ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 5న ఈ పండగ చేసుకుంటున్నాం. తెలంగాణలో 2025లో ప్రభుత్వం సావిత్రీబాయి ఫూలే పుట్టినరోజు జనవరి 3ని మహిళా టీచర్ల దినోత్సవంగా ప్రకటించింది. సంతోషమే. కానీ స్టేజి మీదకి పిలవని వాళ్ళ మాటేమిటి?

మా చిన్నమ్మాయి ఎల్‌కేజీలో ఉండగా ఒకరోజు బడిలో విరేచనాలు పట్టుకున్నాయి. నాకు ఫోన్ వచ్చి, ఆటో పట్టుకుని నేను వెళ్ళేసరికి ముప్పావుగంట. ఆ ముప్పావుగంటలో పిల్లని కడిగి, గౌను ఉతికి ఆరేసి, తన చీర కొంగు చుట్టి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది ఆయమ్మ. ఆ ఏడాది నేను టీచరుకి చీర పెట్టాను. ఆయమ్మకి ఏమిచ్చానో తెలుసా? థాంక్స్ చెప్పాను. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయమ్మలు, వాచ్‌మన్, అటెండరు, వ్యాను డ్రైవరు, వ్యానులో పిల్లల్ని ఎక్కించి దించే క్లీనరు కుర్రాడు. ఏ పిల్లకి మలుపుల దగ్గర వాంతవుతుందో డ్రైవరుకి తెలుసు. ఏ పిల్లవాడి తాతయ్య ఆలస్యంగా వస్తాడో గేటు దగ్గరి వాచ్‌మన్‌కి తెలుసు. చాలా ప్రైవేటు బడుల్లో వీళ్ళకి వేసవి సెలవుల్లో జీతం ఉండదు, టీచర్లకీ అదే తంతు. 2020లో కరోనాకి బడులు మూతపడ్డప్పుడు చూశాం కదా, పాఠాలు చెప్పిన చేతులు బండి మీద కూరగాయలూ పళ్ళూ అమ్మాయి. 2021 ఏప్రిల్లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు బడుల టీచర్లకీ సిబ్బందికీ నెలకి 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చే ఏర్పాటు చేయాల్సి వచ్చింది. అంత సన్నటి తాడు మీద నడిచే బతుకులవి.

వీళ్ళకి వస్తువులు వద్దు, డబ్బే ఇవ్వండి. డబ్బివ్వడం మర్యాద కాదంటారు కొందరు. ఇంట్లో వాడని స్టీలు డబ్బా, కట్టి విడిచిన చీర ఇవ్వడం మర్యాదా? అవి ఇవ్వాలనుకుంటే మామూలు రోజున ఇవ్వండి, పండగ పేరు పెట్టకండి. కవరులో పెట్టి, పిల్ల చేత ఇప్పించండి. పండగకి ముందే ఇవ్వాలి సుమా. పండగయ్యాక ఇచ్చినది చేసిన అప్పుకి పోతుంది. డ్రైవరుకైతే ఆయుధపూజకి రెండు రోజుల ముందు. బండికి దండా, గుమ్మడికాయా, నిమ్మకాయలూ అన్నీ సొంత జేబులోంచే కొనుక్కుంటాడతను.

ఇంకో మాట. మా బడి ఆయమ్మ మెడలో సిలువ ఉంటుంది. రెండేళ్ళపాటు ఆవిడకి దసరాకి పసుపు కుంకుమలు పెట్టిన ప్యాకెట్లు ఇచ్చిన తల్లులు ఉన్నారు! ఆవిడ కళ్ళకద్దుకుని తీసుకుంది, అది ఆవిడ సంస్కారం. ఆవిడ పండగ క్రిస్మస్ అని మనకి తట్టొద్దూ? డ్రైవరు రంజాన్ చేసుకునేవాడైతే ఆ పండగ ఎప్పుడొచ్చిందో చూసుకోవాలి, ఏటా పది పదకొండు రోజులు ముందుకొస్తుంది. నేనిప్పుడు క్యాలెండరు మీద ముగ్గురి పండగలకీ సున్నాలు చుట్టి పెట్టుకున్నాను.

ఈ ఏడు మా అమ్మాయికి కొత్త క్లాసు, కొత్త టీచరు. వెండి మెసేజి రాకముందే నేనే ఒకటి పెట్టాను. జాబితా లేదు. మూత మీద గాటు పెట్టిన డబ్బా ఒకటి మా ఇంట్లో ఉంటుంది, ఎవరికి తోచింది వాళ్ళు వేయండి, 100 దాటొద్దు. సగం ఆయమ్మలకీ వ్యాను వాళ్ళకీ, మిగతా సగంతో టీచరుకి నూలు చీర. వేయనివాళ్ళ పిల్లలు కూడా కార్డు మీద సంతకం చేస్తారు. ఇప్పటికి పదకొండు బొటనవేళ్ళు లేచాయి. వెండి కుందులావిడ చదివారు గానీ ఏమీ అనలేదు. ఒకావిడ మాత్రం 100 మరీ చీప్‌గా ఉంటుందేమో అన్నారు. ఉండనివ్వండి అన్నాను.

నిన్న సాయంత్రం వెనక వీధి అమ్మాయి వచ్చింది. డబ్బాలో ఏమేసిందో నేను చూడలేదు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "అక్కా, చీరకి జాకెట్టు నేను కుట్టిస్తాను. ముక్క అలా ఇచ్చేస్తే ఆవిడ మాత్రం ఏం కుట్టించుకుంటారు, కుట్టుకూలీ మూడొందలవుతోంది. కొలత జాకెట్టు ఒకటి దొరుకుతుందా?" అంది.

ఆ కొలత జాకెట్టు అడగడానికే రేపు బడికి వెళ్తున్నాను.