ఇంటి పర్మిషన్ యజమాని చేతుల్లోనే ఉండాలి

బహ్రెయిన్‌లో పనిచేసే తెలుగువారిలో ఎక్కువమందికి ఇక్కడ సొంత ఇల్లు అందని మాట. అమ్వాజ్ దీవులు, జుఫైర్, సీఫ్ వంటి కొన్ని ప్రాంతాల్లో విదేశీయులు ఇల్లు కొనుక్కోవచ్చు. కానీ సల్మాబాద్ గ్యారేజీల్లోనో సిత్రా వర్క్‌షాపుల్లోనో చెమటోడ్చేవారికి ఆ ధరలు ఎక్కడ అందుతాయి? వాళ్ల ఇల్లు రాయికల్‌లో, ధర్మపురిలో, భీంగల్‌లో, రాయచోటిలో లేస్తుంది. దినార్లు ఇక్కడివి, దరఖాస్తు మీద సంతకం మాత్రం బావమరిదిది, లేదంటే డాక్యుమెంట్ రైటర్‌ది. ఈ పద్ధతి మారాలి. ప్రవాసి తన ఇంటి పర్మిషన్‌ను తానే, మనామాలో కూర్చునే తీసుకోగలిగే ఏర్పాటు రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ చేసి తీరాలి.

చట్టం కఠినంగా ఉందని అనలేం. తెలంగాణ 2020 నవంబరులో ఇంటి అనుమతుల ఆన్‌లైన్ వ్యవస్థ టీఎస్ బీపాస్‌ను మొదలుపెట్టింది. 75 గజాల లోపు స్థలంలో ఏడు మీటర్ల ఎత్తు దాటకుండా కట్టుకునే ఇంటికి ఒక్క రూపాయితో నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల వరకు స్థలంలో పది మీటర్ల ఎత్తు లోపు ఇంటికి స్వీయ ధ్రువీకరణ ఇస్తే వెంటనే అనుమతి వస్తుంది. అంతకు మించినవాటికి 21 రోజుల గడువు పెట్టారు. టౌన్‌ప్లానింగ్ సెక్షన్ గుమ్మం ముందు నెలల తరబడి పడిగాపులు కాసిన తరానికి ఇది నిజమైన ఊరట. ఆంధ్రప్రదేశ్ కూడా 2025లో లైసెన్సు పొందిన ఇంజినీర్లు, ఆర్కిటెక్టుల ద్వారా స్వీయ ధ్రువీకరణ పథకం తెచ్చింది.

అయితే స్వీయ ధ్రువీకరణలో ఒక మెలిక ఉంది. స్థలం కొలతలు ఇవీ, ఇంటి చుట్టూ వదిలిన ఖాళీ (సెట్‌బ్యాక్) ఇంత, రోడ్డు వెడల్పు ఇంత, ఇది చెరువు శిఖం భూమి కాదు అని హామీ ఇచ్చేది యజమాని. ఆ హామీ తప్పని తేలితే నోటీసు కూడా లేకుండా కూల్చేసే అధికారం తెలంగాణ చట్టంలో ఉంది. స్థలాన్ని రెండేళ్లుగా కళ్లతో చూడని మనిషి పేరు మీద, ఆ రోడ్డు ఇరవై అడుగులా ముప్పై అడుగులా అని కొలవని ఇంకొకరు ఈ హామీ ఇచ్చేస్తున్నారు. మేస్త్రీ స్లాబును ఒక అడుగు ముందుకు జరిపినా, ప్లానులో లేని గది పైన లేచినా జవాబుదారీ మనామాలో ఉన్నవాడే. ఇది అన్యాయం. బాధ్యత ఎవరిదో, సమాచారం కూడా వారి చేతికే ముందుగా రావాలి.

ప్రవాసికి తెలియకుండానే ఊళ్లో నియమాలు మారిపోతుంటాయి. రాయికల్, ధర్మపురి, భీంగల్ 2018లో మున్సిపాలిటీలయ్యాయి. అంతకుముందు గల్ఫ్‌కు వచ్చినవాడి లెక్కలో ఇంటి అనుమతి అంటే ఇంకా పంచాయతీ కార్యదర్శి ఇచ్చే కాగితమే. ప్లాటు సంగతి మరీ ఘోరం. లేఅవుట్‌కు ఆమోదం ఉందా లేదా అని అడగకుండా, ఫోన్లో ఫొటోలు చూసి కొన్నవారు వేలల్లో ఉన్నారు. 2020లో తెలంగాణ అనుమతి లేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం (ఎల్ఆర్ఎస్) ప్రకటిస్తే రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు పోగుపడ్డాయి. వాటిని ఏళ్ల తరబడి పక్కన పెట్టి, 2025లో 25 శాతం రాయితీతో మళ్లీ కదిలించారు. ప్లాటు క్రమబద్ధం కాకపోతే ఇంటి ప్లాను ముందుకు కదలదు. సెలవు మీద ఊరెళ్లినవాడు ఈ చిక్కుముడి విప్పుకునేలోపే తిరుగు టికెట్ తేదీ వచ్చేస్తుంది.

పర్మిషన్ లేకపోతే ఏమవుతుంది, తర్వాత ఎంతో కొంత కట్టి సర్దుకోవచ్చులే అనే ధీమా ఇక చెల్లదు. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఉత్తరప్రదేశ్ ఆవాస్ వికాస్ పరిషత్ కేసులో తేల్చి చెప్పింది: కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీటి కనెక్షన్ ఇవ్వాలి, బ్యాంకు రుణం కూడా ఆ పత్రం పరిశీలించాకే మంజూరు చేయాలి, ఏళ్లు గడిచాయనో డబ్బు ఖర్చయిందనో అక్రమ నిర్మాణాన్ని కాపాడలేం. పదేళ్ల కష్టార్జితాన్ని ఒక ఇంట్లో పెట్టేవాడికి ఈ తీర్పు గురించి చెప్పే నాథుడు లేడు.

ఇక్కడి పద్ధతి గమనించండి. బహ్రెయిన్‌లో ఇల్లు కట్టాలంటే లైసెన్సు ఉన్న ఇంజినీరింగ్ కార్యాలయం బెనాయత్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో దరఖాస్తు పెట్టాలి. సాంకేతిక బాధ్యత తీసుకునే సంస్థ పేరు అందులో స్పష్టంగా ఉంటుంది. నియమాలను గాలికి వదిలేస్తే ఏమవుతుందో కూడా ఈ నేల చూసింది. 2006 జూలైలో గుదైబియాలో కిక్కిరిసిన కార్మికుల నివాసంలో మంటలు లేచి 16 మంది భారతీయులు చనిపోయారు. 2013 జనవరిలో మనామాలోని ముఖర్కాలో అలాంటి మరో నివాసం 13 మందిని బలి తీసుకుంది. సెట్‌బ్యాక్, మెట్ల వెడల్పు, బయటకు దారి అనే మాటలు ప్లాను కాగితం మీద లాంఛనాలు కావని గల్ఫ్ కార్మికుడికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ప్రభుత్వాలు చేయాల్సింది కొండలు పిండి చేయడమేమీ కాదు. పర్మిషన్ పోర్టళ్ల ఓటీపీ, ప్రతి దశ సమాచారం బహ్రెయిన్ నంబరుకు కూడా రావాలి. అది సాధ్యమేనని యూపీఐ చూపించింది: 2023 జనవరిలో పది దేశాల నంబర్లతో ప్రవాసులు యూపీఐ వాడుకునేందుకు అనుమతిచ్చారు. ఒమన్, ఖతార్, సౌదీ, యూఏఈ ఆ తొలి జాబితాలో ఉన్నాయి, బహ్రెయిన్ లేదు. చిన్న దేశమని పక్కన పెట్టే అలవాటు పర్మిషన్ల విషయంలోనూ రాకూడదు. హైదరాబాద్ ప్రజాభవన్‌లో ప్రవాసుల ఫిర్యాదుల కోసం 2024లో మొదలైన ప్రవాసీ ప్రజావాణిలో టౌన్‌ప్లానింగ్ అధికారిని కూర్చోబెట్టాలి. ఆంధ్రప్రదేశ్ తన ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్ఆర్టీ ద్వారా అదే పని చేయాలి. ప్రవాసి పేరున దరఖాస్తు వస్తే స్వీయ ధ్రువీకరణ అంగీకరించే ముందు వీడియో కాల్‌లో ఆ హామీలు తెలుగులో చదివి వినిపించాలి.

యజమానులకూ ఒక గట్టి మాట. బంధువు మీద నమ్మకంతో జనరల్ పవరాఫ్ అటార్నీ రాసి ఇవ్వకండి. ఇంటి అనుమతి పనికే పరిమితమైన స్పెషల్ పవరాఫ్ అటార్నీ చాలు. అందులో అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు రాయనివ్వకండి. రాయబార కార్యాలయంలో ధ్రువీకరించిన ఆ పత్రం భారత్ చేరిన మూడు నెలల్లోగా స్టాంపు డ్యూటీ కట్టించాలి, లేకపోతే ఇబ్బంది పడతారు. ప్లాటు కొనేముందు లేఅవుట్ ఆమోద సంఖ్య అడగండి. ఈ సెలవుల్లో ఊరెళ్లి ముగ్గు పోయించాలనుకుంటున్న ప్రతి ఒక్కరికీ మా మనవి ఇదే: మంజూరైన ప్లాను కాపీ మీ చేతికి వచ్చేదాకా మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వకండి.