టైరు పేలినప్పుడు ఏం చేయాలో కూడా నేర్పించండి

కర్నూలు జిల్లా రవాణా శాఖాధికారి గారికి,

ఆదోని–ఎమ్మిగనూరు రోడ్డు మీద బైకు లేనిదే పని జరగదు. పత్తి మార్కెట్ యార్డుకు వచ్చే రైతుకైనా, దుప్పట్ల మూట కట్టుకుని బయల్దేరే నేతన్నకైనా అదే ఆధారం. ఎండాకాలం తారు సెగలు కక్కుతుంటే, అరిగిపోయి గాలి తగ్గిన టైరు మీద ముగ్గురు ఎక్కుతారు. ట్యూబు చిరిగితే గాలి ఒక్కసారిగా పోతుంది.

వెనక టైరు పోతే బండి అటూ ఇటూ ఊగుతుంది. ముందుది పోతే హ్యాండిల్ బరువెక్కి పక్కకు లాగేస్తుంది. భయంతో చెయ్యీ కాలూ ఒకేసారి బ్రేకులు నొక్కేస్తాయి. మనిషి పడేది అప్పుడే! హ్యాండిల్ గట్టిగా పట్టుకుని, బండిని నిటారుగా ఉంచి, యాక్సిలరేటర్ మెల్లగా వదలాలి. వేగాన్ని దానంతట అదే తగ్గనివ్వాలి. బ్రేకు తప్పకపోతే గాలి ఉన్న చక్రానిదే, అదీ మెత్తగా వేయాలి. ఆ తర్వాతే రోడ్డు ఎడమ అంచుకు రావాలి.

లైసెన్సు టెస్టులో ఎనిమిది అంకె వేయించినంత మాత్రాన ఇది చేతికి రాదు. ఎల్‌ఎల్‌ఆర్‌కు వచ్చే ప్రతి ఒక్కరికీ పది నిమిషాలు నేర్పించండి. టూవీలర్ టైరు గాడి లోతు కనీసం ఇంత ఉండాలన్న నిబంధన ఉంది. జరిమానాకు ముందు దాన్ని టైరు మీదే చూపించండి. పెట్రోలు బంకుల్లో ఉచిత గాలి, సరిగ్గా పనిచేసే గేజీ ఉన్నాయో లేదో పౌర సరఫరాల శాఖతో కలిసి తనిఖీ చేయించండి. ఈ ఎండలు ముదరకముందే మొదలుపెట్టమని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఆదోని వాసి