పిస్టల్ మొరాయిస్తే ముందు చెయ్యెత్తండి!

మహిళల 25 మీటర్ల పిస్టల్ ఈవెంట్ ఎప్పుడైనా చూశారా? అందులో రెండో సగం భలే టెన్షన్‌గా ఉంటుంది. పిస్టల్ కిందికి దించి నిలబడాలి. పచ్చలైటు వెలిగితే 3 సెకన్లు. ఆ లోపే చెయ్యి లేపి, గురి చూసి, ఒక్క షాట్ కొట్టాలి. తర్వాత 7 సెకన్లు ఎర్రలైటు. ఇలా ఐదుసార్లయితే ఒక సిరీస్. హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఈ ఈవెంట్‌లోనూ వ్యక్తిగత రజతం గెలిచింది.

మరి ఆ 3 సెకన్లలో ట్రిగ్గర్ నొక్కితే ‘టిక్’ అని ఊరుకుంటే?

యాప్ హ్యాంగైతే మనమేం చేస్తాం? టపటపా పదిసార్లు నొక్కేస్తాం. పిస్టల్ దగ్గర ఆ అలవాటు అస్సలు పనికిరాదు. నేను వెళ్లే రేంజ్‌లో కోచ్ గురి పెట్టడం కంటే ముందు నేర్పింది ఇదే: ఆగు, గొట్టం టార్గెట్ వైపే ఉంచు, ఖాళీ చెయ్యి పైకెత్తు. పోటీల్లోనూ ఇదే రూల్. రేంజ్ ఆఫీసర్ వచ్చి చూస్తాడు. లోపం పిస్టల్‌దో తూటాదో అయితే మిగిలిన షాట్లకు అవకాశం ఇస్తారు. ఆయన రాకముందే మీరు తెరిచి గెలికారా, ఆ హక్కు పోయినట్టే.

రూల్ సంగతి పక్కన పెట్టినా, ఆగడానికి రెండు పెద్ద కారణాలున్నాయి. ఒకటి, కొన్నిసార్లు తూటా ఆలస్యంగా పేలుతుంది. అందుకే కనీసం 30 సెకన్లు గొట్టం టార్గెట్ వైపే ఉంచాలి. రెండోది ఇంకా ప్రమాదం. ‘ఠాప్’ అనాల్సింది ‘తుస్’ అన్నా, చేతికి తన్ను తెలియకపోయినా, గుండు గొట్టం మధ్యలోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనకే ఇంకో షాట్ కొడితే గొట్టం ఉబ్బుతుంది, పగలనూ వచ్చు. చేతులకూ కళ్లకూ ముప్పే.

లోపల ఏం జరుగుతుంది?

ఈ ఈవెంట్‌లో వాడేది .22 ఎల్ఆర్ తూటా. పేలిన తూటా ఒత్తిడితో గుండు ముందుకెళ్తే, ఖాళీ తొడుగు బోల్ట్‌ను వెనక్కి తోస్తుంది. బోల్ట్ వెనక్కి వెళ్తూ తొడుగును బయటికి విసిరేస్తుంది, సుత్తిని మళ్లీ సిద్ధం చేస్తుంది. స్ప్రింగ్ దాన్ని ముందుకు నెట్టగానే మ్యాగజైన్ పైనున్న కొత్త తూటాను గదిలోకి తోస్తుంది. ట్రిగ్గర్ ఒక్కటే మన పని, మిగతాదంతా ఆ ఒక్క పేలుడు శక్తితోనే నడవాలి. ఈ గొలుసులో ఎక్కడ తెగిందో పిస్టలే చెబుతుంది. మా భాషలో చెప్పాలంటే, లాగ్ ఫైల్ అక్కడే ఉంటుంది.

గుర్తులు చదవండి

ఖాళీ తొడుగు కిటికీలో నిటారుగా ఇరుక్కుందా? బోల్ట్ పూర్తిగా వెనక్కి వెళ్లలేదన్నమాట. తూటా బలహీనమైనదై ఉండాలి, లేదా లోపల మసి పేరుకుని ఉండాలి. తేలికపాటి పిస్టళ్లలో మణికట్టు వదులుగా పట్టినా ఇదే జరుగుతుంది.

తొడుగు గదిలోంచే రాలేదా? గది మురికిగా ఉండొచ్చు, లేదా తొడుగును పట్టి లాగే కొక్కెం అరిగి ఉండొచ్చు.

కొత్త తూటా ముక్కు కిందికి వాలి ఆగిపోయిందా? ముందు మ్యాగజైన్‌ను అనుమానించండి. దాని అంచులు వంగినా, స్ప్రింగ్ నీరసించినా ఇంతే. .22 తూటాకు అడుగున బయటికొచ్చిన అంచు ఉంటుంది. మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందు ఉండాలి. వెనక పడితే రెండూ ఒకదానికొకటి తగులుకుంటాయి.

‘టిక్’ అంది గానీ పేలలేదా? రేంజ్ ఆఫీసర్ తీసిచ్చాక తూటా అంచు మీద సొట్ట చూడండి. లోతుగా ఉంటే తూటాదే తప్పు అయ్యుండొచ్చు. ఈ తూటాల్లో అంటుకునే మందు అంచు లోపలే ఉంటుంది, అది చుట్టూ సమంగా లేకపోతే పేలదు. సొట్ట పైపైన ఉంటే పిన్ను, దాని స్ప్రింగు చూడాలి. బోల్ట్ పూర్తిగా మూసుకోకపోయినా దెబ్బ సరిగ్గా పడదు.

ఒకసారి ఒక్కటే

ఇక్కడ డీబగ్గింగ్ సూత్రమే. ఒకసారి ఒక్కటే మార్చండి. మొదట మ్యాగజైన్ మార్చి కొన్ని సిరీస్‌లు కొట్టండి. లోపం మ్యాగజైన్ వెంటే వెళ్తే దొంగ దొరికినట్టే. లేదంటే పాత మ్యాగజైనే పెట్టి తూటాల బ్యాచ్ మార్చండి. తర్వాత శుభ్రం చేసి చూడండి. మూడూ ఒకేసారి మార్చేస్తే పిస్టల్ బాగుపడొచ్చు, కానీ ఎందుకు బాగుపడిందో తెలియదు. మ్యాగజైన్లకు నంబర్లు వేసి, ఏ రోజు ఏది ఎలా మొరాయించిందో ఫోన్‌లోనే రాసుకోండి. నూనె ఎక్కువైతే మంచిదనుకోకండి, మసి దాన్నే పట్టుకుని జిగురవుతుంది.

మరో మాట. స్ప్రింగులు, కొక్కేలు మార్చే పని లైసెన్సు ఉన్న మరమ్మతుదారుకే వదిలేయండి. యూట్యూబ్ చూసి ఇంట్లో ఆకురాయి పట్టొద్దు. మన దేశంలో ఇవన్నీ ఆయుధాల చట్టం, 1959 కిందికొస్తాయి.

ఇంత జాగ్రత్త అవసరమా అంటారా? టోక్యో ఒలింపిక్స్‌లో మనూ భాకర్‌ను గుర్తుచేసుకోండి. అది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్, యంత్రాంగం వేరు. కానీ క్వాలిఫయింగ్ మధ్యలో పిస్టల్ పాడై విలువైన నిమిషాలు పోయాయి. చివరికి 575 పాయింట్లు కొట్టి, 2 పాయింట్ల తేడాతో ఫైనల్ చేజార్చుకుంది. అదే మనూ 2024లో పారిస్ నుంచి రెండు కాంస్యాలతో తిరిగొచ్చింది.

మ్యాచ్‌కు వారం ముందే మీ మ్యాగజైన్లన్నీ ఒక్కొక్కటిగా, మ్యాచ్‌లో వాడబోయే తూటాలతోనే పరీక్షించండి. అనుమానం ఉన్నదాన్ని ఇంట్లోనే వదిలేసి బయల్దేరండి.