సంపు మూత ఎత్తి చూద్దాం



స్విమ్మింగ్ పూల్ ఉన్నవారు దాన్ని ఎలా చూసుకుంటారో గమనించారా? నీటిపై తేలే ఆకులు తీస్తారు. గోడలకు పట్టిన పాచిని బ్రష్‌తో రుద్దుతారు. క్లోరిన్ ఎంత ఉందో పరీక్షించి, తగ్గితే కలుపుతారు. అది తాగే నీరు కాదు, ఈదే నీరు మాత్రమే. మరి మనం తాగడానికి, వంటకు, పసిబిడ్డల పాలసీసాలు కడగడానికి వాడే నీరు నిలువ ఉండే సంపు మూత ఎత్తి చూసి ఎన్నాళ్లయింది?

అమీర్‌పేట, పంజగుట్ట ప్రాంతాలలో ఈత కొలను ఉన్న ఇల్లు అరుదు. సంపు, మేడపైన ట్యాంకు లేని అపార్ట్‌మెంటు కూడా అంతే అరుదు. ఒక్క సంపు మీద ఎన్నో కుటుంబాలు, హాస్టలైతే కోచింగ్ కోసం జిల్లాల నుండి వచ్చిన పిల్లలందరూ ఆధారపడి ఉంటారు.

మన నగరానికి కృష్ణా జలాలు 2004లో, గోదావరి జలాలు 2015లో వచ్చాయి. జలమండలి నీటిని శుద్ధిచేసి, క్లోరిన్ కలిపి పంపుతుంది. లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన దేశ ప్రమాణం. అయితే సంపు అడుగున బురద, గోడలకు పాచి ఉంటే ఆ కాస్త క్లోరిన్ వాటితోనే ఖర్చైపోతుంది. ఆ తర్వాత చేరే క్రిములకు అడ్డు ఉండదు. టైఫాయిడ్, కామెర్లు, వాంతులు, విరేచనాలు ఇలాంటి నీటితోనే ఇంట్లోకి వస్తాయి. 2009 మే నెలలో మన నగరంలోనే, భోలక్‌పూర్‌లో కలుషిత నీరు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయారు. వీధిలోని పైపులు మన చేతిలో లేవు. ఇంట్లోని సంపు మాత్రం మన చేతిలోనే ఉంది.

దోమల సంగతీ మరువరాదు. మనకు పక్కనే ఉన్న బేగంపేటలో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశారు. మూత సరిగా లేని ట్యాంకులో గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు.

మా అపార్ట్‌మెంటు సంగతి దాచకుండా చెబుతాము. సంపు కడగడం వాచ్‌మన్ పని అని మేమందరం అనుకున్నాము. వచ్చే నెల చేయిద్దామంటూ ఏడాది దాటించాము. చివరకు ఒకరోజు మూత తీసీ తీయగానే అతన్ని లోపలికి దింపాము. కాసేపటికే కళ్లు తిరుగుతున్నాయని కేక వేశాడు. నిచ్చెన ఉండబట్టి పైకి రాగలిగాడు. అతని భార్య గట్టున నిలబడి ఏడుస్తుంటే మాలో ఎవరికీ నోట మాట రాలేదు. మా నీటి కోసం మరొకరి ప్రాణాన్ని పణంగా పెట్టామని ఆనాడు అర్థమైంది.

కాబట్టి మా అభిప్రాయం ఇది. మూడు నెలలకొకసారి తేదీ పెట్టుకొని, కుటుంబానికొకరు చొప్పున కూడి ఈ పని మనమే చేసుకోవాలి. నీరు తక్కువగా ఉన్న రోజు చూసుకొని, మిగిలినది మొక్కలకు, మెట్లు కడగడానికి వాడుకోవచ్చు. ముందు మోటారు కరెంటు ఆపాలి. మూత కొన్ని గంటల ముందే తీసి గాలి ఆడనివ్వాలి. వీలైనంత వరకు పొడవైన కర్ర బ్రష్‌తో పైనుండే రుద్దాలి. సంపు లోతైనదైతే తగిన పరికరాలున్న వారినే పిలవాలి. ఎవరైనా లోపల స్పృహ తప్పితే వెంటనే దూకకండి. 112కు ఫోను చేయండి. కాపాడబోయినవారూ ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలు ఉన్నాయి.

బురద తీశాక, బకెట్ నీటిలో రెండు చెంచాల బ్లీచింగ్ పౌడర్ కలిపి గోడలకు పూసి, అరగంట తర్వాత రెండుసార్లు కడగాలి. బ్లీచింగ్‌లో యాసిడ్ ఎన్నడూ కలపరాదు, విషవాయువు పుడుతుంది. తిరిగి నింపిన నీటికి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ సరిపోతుంది. దాన్ని బకెట్ నీటిలో కలిపి, సున్నం అడుగున పేరుకున్నాక పైతేట మాత్రమే పోయాలి. గంట తర్వాత వాడుకోవచ్చు. తాగే నీరు కాచుకోవడం మాత్రం మానకండి.

“మా ఇంట్లో ఫిల్టరు ఉంది కదా” అని కొందరు అంటారు. పళ్లు తోముకునే నీరు, కూరలు కడిగే నీరు, బిడ్డ స్నానంలో మింగే గుక్కెడు నీరు ఫిల్టరులో నుండి రావు. “నెలనెలా మెయింటెనెన్స్ కడుతున్నాము కదా” అని మరికొందరు అంటారు. డబ్బు కట్టినంత మాత్రాన సంపు శుభ్రపడదు, ఎవరో ఒకరు మూత ఎత్తి చూడాలి.

ఈ వారమే మీ సంపు మూత ఎత్తి, టార్చిలైటు వేసి చూడండి. అడుగు స్పష్టంగా కనబడకపోతే పక్కింటి తలుపు తట్టండి. వాచ్‌మన్‌ను పిలవడం ఆ తర్వాత, అదీ దింపడానికి కాదు, మనతో కలిసి పనిచేయడానికి.